ఏడో నెలలో తలనొప్పి: ముందు బీపీ చూపించుకోండి, కారణం తర్వాత వెతుకుదాం

ప్రశ్న: మేడమ్, నమస్తే. మాది జమ్మలమడుగు దగ్గర పల్లె. నాకు 24 ఏళ్లు, ఇదే తొలి కాన్పు. ఇప్పుడు ఏడో నెల. సీమంతం అయ్యాక పుట్టింటికి వచ్చి మూడు వారాలైంది. వచ్చినప్పటి నుంచీ దాదాపు రోజూ తలనొప్పి. మధ్యాహ్నం మగ్గం వర్క్ దగ్గర కూర్చుంటే తల చుట్టూ బిగించినట్టు ఉంటుంది, మెడ వెనక లాగుతుంది. ఈ వారంలో రెండు మూడు సార్లు పొద్దున్నే లేస్తూనే నొప్పి ఉంది. మా అమ్మేమో "ఎండలకు వేడి చేసింది, తలకాయ నొస్తే కూడా ఆసుపత్రికి పోతారా ఎవురన్నా" అని శొంఠి అరగదీసి పట్టు వేస్తోంది. టీ తాగితే బిడ్డ నల్లగా పుడుతుందని మా అత్త ఇక్కడికి పంపే ముందే టీ మానిపించింది, అందుకే నొప్పి అని మా వదిన అంటుంది. మా ఆయన మెడికల్ షాపులో అడిగి కాంబిఫ్లామ్ తెచ్చాడు. ఒకటి వేసుకున్నాను, తర్వాత భయమేసి మిగతావి పక్కన పెట్టాను. పారాసిటమాల్ వేసుకుంటే బిడ్డకు ఆటిజం వస్తుందని వాట్సాప్‌లో వచ్చింది. నా కార్డులో బీపీ మూడో నెలలో 104/66, ఐదో నెలలో 110/70, పదిహేను రోజుల కిందట 132/84 అని రాశారు. నార్మలే అన్నారు. రక్తం 9.2 ఉంది. పాదాలకు నీరు వచ్చింది, ఉంగరం కూడా బిగుతైంది. శనివారాలు ఒక్కపొద్దు ఉంటాను. నేను ఏ మాత్ర వేసుకోవాలి? తలకు ఆముదం పెట్టుకోవచ్చా?

జవాబు: అమ్మా, మాత్ర సంగతి చెప్తాను. కానీ అంతకంటే ముందు ఈ రోజే వెళ్లి బీపీ చూపించుకుని రండి. మీ ఊళ్లో విలేజ్ హెల్త్ క్లినిక్ తెరిచి ఉంటే అక్కడికి, లేదంటే పీహెచ్‌సీకి, సాయంత్రం దాటితే నేరుగా జమ్మలమడుగు ప్రభుత్వాసుపత్రికి. బీపీతో పాటు ఒంటేలు పరీక్ష కూడా చేయమని అడగండి. రేపు శనివారం, ఎల్లుండి అమావాస్య అని వాయిదా వేయొద్దు.

మిమ్మల్ని భయపెట్టాలని కాదు. గర్భంతో ఉన్నప్పుడు వచ్చే తలనొప్పుల్లో ఎక్కువ భాగం నిద్ర చాలక, నీళ్లు చాలక, కడుపు మాడ్చుకుని వచ్చేవే. మీదీ అదే కావచ్చు. కానీ ఐదో నెల దాటాక, అంటే 20 వారాల తర్వాత, బీపీ పెరగడం వల్ల కూడా తలనొప్పి వస్తుంది. ఈ రెండింటినీ నొప్పి తీరు చూసి విడదీయడం మీ అమ్మ వల్లా కాదు, నా వల్లా కాదు. అది తేల్చేది బీపీ మిషనే. అందుకే ఏడో నెలలో ఎవరు తలనొప్పి అన్నా, బీపీ కొలిచి కాదని తేలేదాకా నేను దాన్ని బీపీ తలనొప్పిగానే చూస్తాను.

మీ ఉత్తరంలో నన్ను ఆపినవి మూడు ఉన్నాయి. మొదటిది, పొద్దున్నే లేస్తూనే నొప్పి ఉండటం. మగ్గం మీద వంగి కూర్చోవడం వల్ల వచ్చే నొప్పి సాయంత్రానికి పెరిగి, రాత్రి పడుకుంటే తగ్గాలి. నిద్ర లేస్తూనే ఉంటే దాని లెక్క వేరు. రెండోది ఉంగరం. పాదాలకు నీరు చాలామందికి వస్తుంది, ఏడో నెలలో మరీ మామూలు. చేతి వేళ్లు, ముఖం, కళ్ల కింద ఉబ్బితే, అందులోనూ వారం పది రోజుల్లో గబుక్కున ఉబ్బితే, అది వేరే మాట. మూడోది మీరు పంపిన అంకెలు. 132/84 అనే అంకె ఒక్కటే చూస్తే నర్సమ్మ చెప్పింది తప్పు కాదు. 140/90 నుంచి ఎక్కువ అంటాం, అంతకంటే తక్కువే ఉంది. కానీ కార్డును అడ్డంగా చదవండి: 104, 110, 132. గర్భం మధ్యలో కాస్త తగ్గిన బీపీ చివరి నెలల్లో మళ్లీ పాత స్థాయికి రావడం సహజమే. అయినా మూడో నెలకూ ఇప్పటికీ పైఅంకెలో 28 తేడా ఉంది, అది కొలిచి కూడా పదిహేను రోజులైంది, తలనొప్పి కూడా వస్తోంది. దీన్ని నార్మల్ అని వదిలేయకూడదు.

ఇంకో సంగతి. చూపు గురించి మీరేమీ రాయలేదు. రాయలేదంటే బాగుందనుకోవాలా, అడగలేదు కాబట్టి చెప్పలేదనుకోవాలా? మసకగా కనిపించడం, కళ్ల ముందు మిణుగురుల్లా మెరుపులు రావడం, ఒక వస్తువు రెండుగా కనబడటం, కుడివైపు డొక్క కింద గానీ గుండె కింద గానీ నొప్పి, ఏడో నెలలో కొత్తగా మొదలైన వాంతులు, ఆయాసం, ఒంటేలు బాగా తగ్గిపోవడం, బిడ్డ కదలిక తగ్గినట్టు అనిపించడం. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా హెల్త్ క్లినిక్ కూడా వద్దు, నేరుగా ఆసుపత్రికే. కుడి డొక్క నొప్పిని ఇంట్లో గ్యాస్ అనేస్తారు, సోడా తాగిస్తారు. కాలేయం మీద ఒత్తిడి పడినప్పుడు వచ్చే నొప్పి కూడా సరిగ్గా అక్కడే ఉంటుంది.

బీపీ కొలవడంలోనూ కాస్త పద్ధతి ఉంది. ఎండలో నడిచి వెళ్లి వరుసలో నిలబడి, వంతు రాగానే చెయ్యి చాపితే ఎక్కువ చూపిస్తుంది. ఐదు నిమిషాలు కూర్చోండి. వీపుకు ఆనుడు ఉండాలి, కాళ్లు నేలకు ఆనాలి, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద పెట్టాలి. కొలిచేటప్పుడు మాట్లాడొద్దు. పక్కకు తిరిగి పడుకున్నప్పుడు కొలిస్తే ఉన్నదానికంటే తక్కువ చూపించవచ్చు, కాబట్టి కూర్చునే కొలిపించుకోండి. "నార్మలేనమ్మా, పో" అంటే వచ్చేయకండి. అంకె ఎంత అని అడిగి కార్డులో రాయించుకోండి, తేదీతో సహా. ఆ కార్డు పర్సులో పెట్టుకునే కాగితం మాత్రమే కాదు. అర్ధరాత్రి మిమ్మల్ని ఎప్పుడూ చూడని డ్యూటీ డాక్టర్ ముందు కూర్చున్నప్పుడు మీ తరఫున మాట్లాడేది అదే.

ఇప్పుడు అంకెల సంగతి. 140/90 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే, తలనొప్పి కూడా ఉంది కాబట్టి, అదే రోజు డాక్టర్ చూడాలి. 160/110 తాకితే అది ఎమర్జెన్సీ. ఇంటికి వెళ్లి బట్టలు సర్దుకుని వస్తామనే మాట అక్కడ పనికిరాదు. ఒంటేలులో ప్రోటీన్ లేదన్నంత మాత్రాన కూడా నిశ్చింతగా ఉండలేం. బీపీ ఎక్కువగా ఉండి తలనొప్పి తగ్గకపోతే ప్రోటీన్ లేకున్నా అది ప్రీఎక్లాంప్సియా, అంటే గర్భంలో బీపీ పెరిగి లివర్, కిడ్నీ లాంటి అవయవాల మీద కూడా పడే జబ్బు, కావచ్చు. అప్పుడు ప్లేట్‌లెట్లు, లివర్, కిడ్నీ చూడటానికి రక్త పరీక్షలు రాస్తారు, చేయించుకోండి.

బీపీ మాత్రలు మొదలుపెడితే జన్మంతా వేసుకోవాలని భయపడి, ఇచ్చిన మాత్రలు దిండు కింద దాచేవాళ్లు ఉన్నారు. గర్భంలో మొదలైన బీపీ చాలామందిలో కాన్పు తర్వాత 12 వారాల్లోపు దిగిపోతుంది. లాబెటలాల్, నిఫెడిపిన్, మిథైల్‌డోపా గర్భిణులకు ఎన్నో ఏళ్లుగా వాడుతున్న మందులు. ఇక ఉప్పు మానేస్తే బీపీ రాదని, బార్లీ నీళ్లు తాగితే దిగుతుందని చెప్తారు. బార్లీ నీళ్లు తాగండి, చెరుపేమీ లేదు, కానీ అది వైద్యం కాదు. చప్పిడి కూడు తినడం వల్ల ఈ రకం బీపీ ఆగదు. ఊరగాయ పచ్చడి తగ్గించుకుంటే మంచిదే, ఉప్పు పూర్తిగా మానేసి తిండి సహించక నీరసపడొద్దు. మనవాళ్లు పాలు, పెరుగు తక్కువ తీసుకుంటారు కాబట్టి కాల్షియం మాత్ర మాత్రం నిజంగా పనికొస్తుంది. ప్రభుత్వం గర్భిణులకు నాలుగో నెల నుంచి రోజుకు రెండు కాల్షియం మాత్రలు ఇచ్చేది ఎముకల కోసమే కాదు, ఈ బీపీ ముప్పు తగ్గించడానికి కూడా.

ఈ బీపీని పట్టించుకోకపోతే ఏమవుతుందో మీ అమ్మగారికి తెలిసే ఉంటుంది. గుర్రపు వాతం అంటే ఆమె తరం వాళ్లకు నేను వివరించక్కర్లేదు. కాన్పుకు ముందో, కాన్పులోనో, కాన్పయ్యాకో ఫిట్స్ రావడం. చాలామందిలో దానికి ముందు తలనొప్పి వస్తుంది, చూపు మసకేస్తుంది. అంటే శరీరం కబురు పెడుతోంది, మనమే శొంఠి పట్టు వేసి ఊరుకుంటున్నాం. దేవుడి దయవల్ల మీకు ఆ అవసరం రాకూడదు, కానీ ఇంట్లో వాళ్లందరూ ఇది వినాలి. ఫిట్స్ వస్తే మనిషిని ఎడమవైపుకు తిప్పి పడుకోబెట్టండి. చేతిలో తాళంచెవులు, ఇనుప ముక్కలు పెట్టొద్దు. నోట్లో చెంచా, గుడ్డ, నీళ్లు ఏదీ పెట్టొద్దు. కాళ్లూ చేతులూ అదిమి పట్టుకోవద్దు, దెబ్బ తగలకుండా చుట్టుపక్కల సామాను జరపండి చాలు. ఒకరు 108కి ఫోన్ చేసి "గర్భిణి, ఏడో నెల, ఫిట్స్" అని ఆ మూడు మాటలు ముందు చెప్పాలి. మెగ్నీషియం సల్ఫేట్ అని ఒక ఇంజెక్షన్ ఉంది. తీవ్రమైన బీపీ ఉన్న గర్భిణికి ముందుగానే ఇస్తే ఫిట్స్ వచ్చే ముప్పు సగానికి పైగా తగ్గుతుందని 2002లోనే పెద్ద పరిశోధన తేల్చింది. ఖరీదైన మందేమీ కాదు, ప్రభుత్వాసుపత్రిలో ఉంటుంది. మనిషి సమయానికి అక్కడికి చేరాలి, అంతే.

దిష్టి తీస్తామంటే నేను కాదనను. 108కి ఫోన్ చేశాక, బండి వచ్చేలోపు తీయండి.

సరే, బీపీ బాగానే ఉంది, ఒంటేలు శుభ్రంగా ఉంది, చూపు బాగుంది అనుకుందాం. అప్పుడు కూడా వారానికి రెండుసార్లు బీపీ కొలిపించుకుంటూ మిగతా కారణాలు చూద్దాం. మీ ఇంట్లో ఒక్కొక్కరూ ఒక్కో కారణం చెప్పారు కదా.

మీ వదిన మాటతో మొదలుపెడతాను, ఎందుకంటే అందులో కొంత నిజం ఉంది. రోజూ మూడు నాలుగు గ్లాసుల టీ తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే రెండో రోజు నుంచే తల పగిలిపోతుంది. కానీ అది వారం, మహా అయితే పది రోజుల్లో తగ్గాలి. మీకు మూడు వారాలైంది, ఈ వారం ఇంకా పెరిగింది. కాబట్టి తొలి రోజుల నొప్పికి టీ కారణం కావచ్చు గానీ ఇప్పటి నొప్పిని దాని మీదికి నెట్టలేం. టీకీ బిడ్డ రంగుకీ ఏ సంబంధమూ లేదు. ఆ రంగు మీ ఇద్దరి వంశాల్లోంచి వస్తుంది, మీ అత్తగారి వైపు నుంచి కూడా. రోజుకు రెండు చిన్న కప్పులు తాగితే ఏమీ కాదు. ఐరన్ మాత్ర వేసుకునే వేళకు మాత్రం టీ దూరంగా పెట్టండి, అది ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు.

ఆ ఐరన్ గురించే రెండు మాటలు. గర్భిణికి రక్తం 11 ఉండాలి. 9.2 అంటే ఓ మోస్తరు రక్తహీనత, తలనొప్పికీ నీరసానికీ అది కూడా ఒక చెయ్యి వేస్తుంది. మాత్ర రోజూ వేసుకుంటున్నారో లేదో మీరు రాయలేదు. నల్లగా విరేచనం అవుతుందనో, మలబద్ధకమనో మానేసి ఉంటే మళ్లీ మొదలుపెట్టండి. నిమ్మరసంతో వేసుకుంటే బాగా పడుతుంది. కాల్షియంతో కలిపి మింగొద్దు, రెండింటికీ మధ్య కనీసం రెండు గంటలు ఎడం ఉండాలి. ఒకటి మధ్యాహ్నం, ఒకటి రాత్రి అని పెట్టుకుంటే మర్చిపోరు. పడకపోతే మానేయకుండా డాక్టర్‌తో చెప్పండి, వేరే మాత్ర గానీ సెలైన్‌లో ఐరన్ గానీ ఇస్తారు.

ఇక మీ అమ్మగారి "వేడి". కడప జిల్లా ఎండాకాలంలో 42, 43 డిగ్రీల్లో ఇంట్లో కూర్చున్నా ఒంట్లో నీరు ఇగిరిపోతుంది. ఆమె మాటలో అంతవరకు నిజమే. కానీ దానికి మందు పట్టు కాదు, నీళ్లు. నాకు తెలిసి మన ఆడవాళ్లు నీళ్లు తక్కువ తాగేది దాహం లేక కాదు, మాటిమాటికీ ఒంటేలుకు లేవాలని. ఏడో నెలలో అది ఇంకా ఎక్కువ. బాత్రూమ్ ఇంటి వెనక పెరట్లో ఉంటే, రాత్రి చీకట్లో పోలేక సాయంత్రం నుంచే నీళ్లు మానేస్తారు. దానివల్ల తలనొప్పీ వస్తుంది, ఒంటేలు మంటా వస్తుంది. పగలంతా కాస్త కాస్తగా తాగండి. మజ్జిగ, పల్చటి రాగి అంబలి, కొబ్బరినీళ్లు ఏవైనా సరే. ఒంటేలు పచ్చగా చిక్కగా వస్తోందంటే చాల్లేదని అర్థం. శొంఠి పట్టు నుదుటి మీద ఎండితే చర్మం మండి బొబ్బలెక్కుతుంది. దానికంటే తడిగుడ్డ నయం. కర్పూరం వాసన ఘాటుగా వచ్చే బామ్‌లు కూడా రోజుకు నాలుగుసార్లు పులుముకోవడం మంచిది కాదు.

శనివారం ఒక్కపొద్దు ఇక ఆపేయండి. ఈ మాట నేను చెప్తే ఒకలా ఉంటుంది, మీ ఇంటి పెద్దలు చెప్తే ఇంకోలా ఉంటుంది కాబట్టి వాళ్లతోనే చెప్పించుకోండి. కడుపుతో ఉన్న మనిషి ఉపవాసం ఉండి తీరాలని ఏ దేవుడూ అడగలేదు. మీ బదులు మీ అమ్మ ఉంటారు. రంజాన్ నెలలో నాకు ఇదే ప్రశ్న వేరే ఇళ్ల నుంచి వస్తుంది. తనకో బిడ్డకో కష్టమవుతుందని అనిపిస్తే గర్భిణికి రోజా మినహాయింపు వాళ్ల ధర్మంలోనే ఉంది, తర్వాత తీర్చుకోవచ్చు. గ్రహణం రోజు నీళ్లు కూడా ఇవ్వకుండా గదిలో కూర్చోబెట్టడమైతే ఎండాకాలంలో కోరి తలనొప్పి తెచ్చుకోవడమే. మామూలు రోజుల్లో కూడా మూడు పూటలా పెద్ద ముద్ద తినడం కంటే రెండున్నర, మూడు గంటలకోసారి ఏదో ఒకటి తినండి. వేయించిన శెనక్కాయలు, ఒక అరటిపండు, ఇన్ని బొరుగులు, మిగిలిన జొన్నరొట్టె ముక్క పెరుగుతో.

మగ్గం వర్క్ దగ్గరికి వద్దాం. మధ్యాహ్నం నొప్పికి, మెడ లాగడానికి నాకు అదే ముఖ్య కారణంగా కనిపిస్తోంది. పెళ్లిళ్ల సీజన్‌లో ఒక బ్లౌజు ఇవ్వాల్సిన రోజు దగ్గరపడితే ఎంతసేపు వంగుతారో నాకు తెలుసు. కడుపు పెరిగే కొద్దీ ఫ్రేమ్‌కు దూరంగా జరగాల్సి వస్తుంది, దూరం జరిగితే మెడ ఇంకా ముందుకు చాచాలి. ఫ్రేమ్ కింద ఇటుకలో పీటలో పెట్టి ఎత్తు పెంచండి, కుర్చీలో కూర్చుని చేసేలా చూడండి. వీపు వెనక దిండు. వెలుతురు పక్క నుంచి పడాలి, మీ నీడ జర్దోసీ మీద పడకూడదు. అరగంటకోసారి లేచి నాలుగడుగులు వేయండి, భుజాలు తిప్పండి. మెడ మీద గోరువెచ్చటి గుడ్డ వేసుకుని, ఎవరితోనైనా మెల్లగా మర్దన చేయించుకుంటే హాయిగా ఉంటుంది. సూదిలో దారం ఎక్కించడానికి కష్టపడుతుంటే కళ్లు ఒకసారి చూపించుకోండి. ఈ నెలల్లో కొత్త ఆర్డర్లు తగ్గించుకోగలిగితే సంతోషం. తగ్గించుకోలేని ఇళ్లు ఉంటాయని తెలుసు, అందుకే ముందు ఇటుకల గురించి చెప్పాను.

ఇప్పుడు మాత్ర. కాంబిఫ్లామ్‌లో పారాసిటమాల్‌తో పాటు ఐబుప్రొఫెన్ ఉంటుంది. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు 20 వారాలు దాటాక వేసుకుంటే బిడ్డ కిడ్నీల మీద పని చేసి ఉమ్మనీరు తగ్గవచ్చు. ఏడో నెల దాటాక బిడ్డ గుండె దగ్గర ఉండే ఒక రక్తనాళం పుట్టకముందే మూసుకుపోయే ప్రమాదం కూడా ఉంది. మీరు వేసుకున్నది ఒక్కటే, దానికే ఏదో అయిపోతుందని రాత్రిళ్లు ఏడవొద్దు. డాక్టర్‌తో చెప్పండి, మిగతా షీటు ఇంట్లో లేకుండా చేయండి. మీ ఆయన తప్పేమీ లేదు, షాపులో "తలనొప్పికి" అని అడిగారు, వాళ్లు ఇచ్చారు. ఇకనుంచి ఏ మందు అడిగినా మొదటి మాట "మా ఇంటామె కడుపుతో ఉంది" అని ఉండాలి.

వేసుకోదగ్గది పారాసిటమాల్ ఒక్కటే. బీపీ బాగుందని తెలిశాక 500 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి, తగ్గకపోతే ఆరు గంటల తర్వాత ఇంకొకటి. జలుబు మాత్రల్లో కూడా పారాసిటమాల్ కలిపి ఉంటుంది, రెండూ కలిపి మింగొద్దు. వరుసగా రెండు రోజులు మాత్ర లేకుండా గడవట్లేదంటే అది మళ్లీ చూపించుకోవాల్సిన నొప్పి. బీపీ వల్ల వచ్చిన తలనొప్పి కూడా పారాసిటమాల్‌తో కాస్త తగ్గినట్టు అనిపించవచ్చు. నొప్పి తగ్గుతుంది, బీపీ మాత్రం అక్కడే ఉంటుంది. అందుకే ముందు మిషన్, తర్వాత మాత్ర అంటున్నాను.

ఆటిజం మాట 2025 సెప్టెంబరులో అమెరికా ప్రభుత్వం చేసిన ప్రకటన తర్వాత మన ఫోన్లలోకి కూడా వచ్చింది. పారాసిటమాల్ వల్లే ఆటిజం వస్తుందని రుజువు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ వెంటనే చెప్పింది. అంతకు ముందు 2024లో స్వీడన్‌లో దాదాపు 25 లక్షల మంది పిల్లల వివరాలు చూశారు. ఒకే తల్లి బిడ్డల్లో, ఒక గర్భంలో మాత్ర వేసుకుని ఇంకో గర్భంలో వేసుకోని చోట్ల, ఆటిజంలో తేడా కనిపించలేదు. అవసరమైనప్పుడు తక్కువ మోతాదులో వేసుకోండి, అవసరం లేనప్పుడు వద్దు. జ్వరం వస్తే మాత్రం భయపడి మాత్ర మానొద్దు, తగ్గించకుండా వదిలేసిన జ్వరం బిడ్డకు మంచిది కాదు.

ఇది చదివే వాళ్లలో పాత మైగ్రేన్ ఉన్నవాళ్లు కూడా ఉంటారు. మైగ్రేన్ గర్భంలో చాలామందికి నాలుగో నెల నుంచి తగ్గుతుంది. తగ్గకపోతే పాత చీటీలోని మందు మళ్లీ కొనొద్దు. వాసోగ్రైన్‌లో ఉండే ఎర్గోటమిన్ గర్భిణికి అసలు పనికిరాదు. మైగ్రేన్‌కో మూర్ఛకో వాల్‌ప్రోయేట్ వాడుతూ గర్భం వచ్చిందని తెలిస్తే అదే వారం డాక్టర్‌ను కలవండి, మీ అంతట మీరు ఆపేయకండి. డాక్టర్ రాసిచ్చిన తక్కువ మోతాదు ఆస్పిరిన్, ఆ ఎకోస్ప్రిన్ 75 లేదా 150, మాత్రం వేరే సంగతి. అది నొప్పి కోసం కాదు, ఈ బీపీ జబ్బు రాకుండా ఇచ్చేది. ఐబుప్రొఫెన్ గురించి చదివి దాన్ని మానేయొద్దు. గర్భంతో ఉండగా మొట్టమొదటిసారి ఒకవైపు తల పోట్లు మొదలైతే, అది మైగ్రేన్ అని ఇంట్లో పేరు పెట్టేసుకోకండి, చూపించుకోండి.

బీపీతో సంబంధం లేకుండా కూడా పరిగెత్తాల్సిన తలనొప్పులు ఉన్నాయి. ఉన్నట్టుండి పిడుగు పడ్డట్టు వచ్చి నిమిషంలోపే భరించలేనంత అయ్యేది, జ్వరంతో పాటు మెడ బిగుసుకుపోయేది, మాట తడబడటం, మూతి వంకర పోవడం, ఒక చెయ్యో కాలో బరువెక్కడం, మనిషి మత్తుగా అయిపోవడం, పడి తలకు దెబ్బ తగిలాక మొదలైన నొప్పి. వీటికి జమ్మలమడుగు, ప్రొద్దుటూరు దగ్గర ఆగినా అక్కడి నుంచి కడప రిమ్స్‌కే పంపుతారు. 108 వాళ్లకు లక్షణం సరిగ్గా చెప్తే ఎక్కడికి తీసుకెళ్లాలో వాళ్లే చూసుకుంటారు. కర్నూలు వైపు వాళ్లకు పెద్దాసుపత్రి, అనంతపురం వాళ్లకు అక్కడి జనరల్ ఆసుపత్రి.

మీరు అడగలేదు గానీ, కాన్పు తర్వాత సంగతి కూడా ఇప్పుడే చెప్పేస్తాను. అప్పుడు మీ చేతిలో పసిబిడ్డ ఉంటుంది, చదివే తీరిక ఉండదు. గుర్రపు వాతం కాన్పుతో పోయేది కాదు. కాన్పయ్యాక మొదటి రెండు రోజుల్లో ముప్పు ఎక్కువ, తర్వాత ఆరు వారాల దాకా ఒక కన్నేసి ఉండాల్సిందే. ఆపరేషన్ అయితే ఇంకో రకం ఉంది. వెన్నులో మత్తు సూది ఇచ్చాక మొదటి ఐదారు రోజుల్లో, లేచి కూర్చుంటే తల పగిలిపోయి, పడుకుంటే తగ్గిపోతుంది. దానికి వైద్యం ఉంది, ఆపరేషన్ చేసిన ఆసుపత్రికే చెప్పండి.

నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది బాలింతకు నీళ్లు ఇవ్వకపోవడం. నీళ్లు తాగితే పొట్ట పెరుగుతుంది, కుట్లు చీము పడతాయి, బిడ్డకు జలుబు చేస్తుంది అని గుక్కెడు గుక్కెడు కాచిన నీళ్లు పోస్తారు. తలకు గుడ్డ కట్టి, చెవుల్లో దూది పెట్టి, కిటికీలు మూసిన గదిలో మంచం కింద కుంపటి. కాన్పు తర్వాత కొన్ని వారాలు రక్తం మామూలుగానే గడ్డకట్టే స్వభావంతో ఉంటుంది. దానికి ఒంట్లో నీరు లేకపోవడం తోడైతే మెదడులోని సిరల్లో గడ్డలు ఏర్పడవచ్చు. రోజురోజుకూ పెరిగే తలనొప్పి, వాంతులు, మసక చూపు, తర్వాత ఫిట్స్ గానీ పక్షవాతం గానీ. ఇంట్లో దాన్ని "బాలింత గాలి" అంటారు, పత్యం ఇంకా గట్టిగా చేస్తారు, ఉన్న నీళ్లూ తగ్గిస్తారు. త్వరగా పట్టుకుంటే మందులతో నయమయ్యే జబ్బు ఇది. మీ అమ్మగారికి ఈ పేరా గట్టిగా చదివి వినిపించండి. కారప్పొడి అన్నం, వెల్లుల్లి, శొంఠి ఉండలు అన్నీ పెట్టమనండి, పక్కనే చెంబు నిండా నీళ్లు కూడా పెట్టమనండి. పాలిచ్చే తల్లికి దాహం ఎక్కువ, అడిగినన్ని తాగాలి.

ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులను డాక్టర్లు ఉచితంగా చూస్తారు. అయితే ఇవాళ మీకున్న తలనొప్పికి ఆ తేదీ కోసం ఆగకండి. ఇవాళ బీపీ బాగుంటే, 9న వెళ్లినప్పుడు ఈ వారం మీరు రాయించుకున్న అంకెలన్నీ చూపించండి. మీ ఆశా వర్కర్‌కు ఇప్పుడే ఫోన్ చేసి చెప్పండి, పుట్టింటి ఊరి ఆశాకు మీ పేరు తెలియకపోవచ్చు.

ఆముదం తలకు పెట్టుకోవచ్చు, చల్లగా ఉందనిపిస్తే రోజూ పెట్టుకోండి. సుఖకాన్పు అవుతుందని ఎవరైనా తాగమంటే మాత్రం తాగకండి, వాంతులు, విరేచనాలు పట్టుకుని నెలలు నిండకముందే నొప్పులు రావచ్చు.